పంతొమ్మిది సెకన్లు

…మూడు నెలలంటే తొంభై రోజులే కదా, ఆ మీది ఒక్క రోజు ఎందుకు గుర్తుండాలి? గుర్తుంది. తొంభై ఒకటి. పనిగట్టుకుని లెక్కపెట్టింది కాదు. నొప్పి పన్నును నాలుక వెతుక్కున్నట్టు, మనసే వెళ్ళి తడుముకుని వస్తోంది. పోలీసు ట్రైనింగులో తనదీ ఆ మనిషిదీ ఒకే గది, ఒకే బీరువా, ఒకే అద్దం. గురి చూసి కాల్చడంలో తనే ముందు. చట్టం పేపర్లో తనే ముందు. పరుగు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ మనిషి రొప్పుకుంటూ చివర్న వచ్చేది. అలాంటి మనిషి తొంభై ఒక్క రోజుల క్రితం డిప్యూటీ ఎస్పీ అయింది. తను ఇన్‌స్పెక్టర్‌గానే ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచింది.

మొదటి పేజీ అంచున డిప్యూటీ రాసిన మూడు ముక్కలు. "నకిలీ చక్రం. అమ్మిన మెకానిక్ బాధ్యుడు. మంగళవారం సాయంత్రం ఐదింటికల్లా అరెస్టు."

ఇవాళ మంగళవారం. టైము తొమ్మిదీ పది.

ఎదురుగా బల్ల మీద చక్రం ఉంది. చక్రం అని అలవాటు కొద్దీ అనడమే. నల్లటి కార్బన్ రిమ్ము ఒక పక్క జానెడు మేర, వానలో నానిన అట్టపెట్టెలా పొరలు విప్పుకుని ఉంది.

ఆదివారం పొద్దున ఆరూ యాభై రెండుకి జరిగింది. కొండ మీది నుంచి ఏడు కిలోమీటర్ల దిగుడు. మూడో మలుపులో ముందు చక్రం అంచు పగిలి, టైరు పేలి, మనిషి ఎగిరి గోడకి కొట్టుకున్నాడు. అతను ఎముకల డాక్టరు. ఊళ్ళో సగం మంది చేతులూ కాళ్ళూ అతికించిన మనిషి. ఇప్పుడు తన ఆస్పత్రిలోనే, తన కింద పనిచేసేవాళ్ళ చేతుల్లో, మూడో రోజు కూడా స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

సైకిల్ క్లబ్బులో అందరిదీ ఒకటే మాట. ఆ చక్రాల జత ఖరీదుకి మామూలు సైకిళ్ళు మూడొస్తాయి. అంత ఖరీదైన సరుకు విరగదు. విరిగిందంటే అసలుది కాదు. అంటే మెకానిక్ నకిలీ అంటగట్టాడు.

ల్యాబ్ వాళ్ళ మొదటి కాగితం కూడా దానికే వంత పాడింది. రిమ్ము మీద బ్రేకు పట్టే చోట చుట్టూ లోతైన గీతలున్నాయి. గీతల్లో వెండి రంగు రేణువులున్నాయి. "నాసిరకం పదార్థం కలిసి ఉండవచ్చు." ఆ "వచ్చు"ని డిప్యూటీ ఫైలు అంచుకి చేర్చేసరికి రాలగొట్టేసింది.

ఇన్‌స్పెక్టర్‌కి ఒక సంగతి తెలుసు. తెలిసినందుకు సిగ్గు కూడా ఉంది. ఆమెకి మెకానిక్ ఎవరో తెలియదు, డాక్టరు ఎవరో తెలియదు. ఆ మూడు ముక్కలూ తప్పని తేలాలి. ముందు కావలసింది అది. తరవాతే న్యాయం.

బల్ల మీద నాలుగు చిన్న కవర్లు కూడా ఉన్నాయి. బ్రేకు ప్యాడ్లు. ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. ఒకటి అరచేతిలో ఒంపుకుంది. చిటికెన వేలంత ముక్క. మట్టి రంగు. గోటితో గీరి చూసింది. వెంట్రుకంత సన్నని తాజా గీతలు రెండో మూడో తగిలాయి. మిగతాదంతా నున్నగా ఉంది.

ఏదో గుచ్చుకుంది. వేలికి కాదు, బుర్రకి. ఏమిటో తెలియలేదు.

రిజిస్టరులో సంతకం పెట్టి కవర్లు తీసుకుని బయల్దేరింది.

*

పదీ ఇరవై అయిదు.

సైకిల్ షాపు షట్టరుకి పోలీసు సీలు. కింద మెట్టు మీద మెకానిక్ కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ పానా ఉంటుందని క్లబ్బు వాళ్ళంతా అతన్ని పానా అనే పిలుస్తారు. ఇప్పుడు జేబు ఖాళీగా ఉంది. సామానంతా లోపలే ఉండిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చున్నాడు.

ఇరవయ్యారేళ్ళ షాపు అన్నాడు. సాయంత్రం తనని తీసుకెళ్ళడం కన్నా, తీసుకెళ్ళాక జనం అనుకునే మాటే ఎక్కువ భయపెడుతోందన్నాడు. బెయిల్ మీద బయటికి రావచ్చు గానీ నకిలీ అమ్మాడన్న మాట మీంచి ఎక్కడికి రావడం? ఆ మాట పడ్డాక ఎవరూ ఈ మెట్టెక్కరు.

"చౌక సామాను అమ్మాను మేడమ్. చౌకదని చెప్పే అమ్మాను."

"ఖరీదైనది ఎక్కువ మన్నుతుందా?"

అతని ముఖంలోకి మొదటిసారి ప్రాణం వచ్చింది. ఆ ప్రశ్నకి రోజుకి పదిసార్లు జవాబు చెప్పే మనిషి. అందరూ పొరబడేది అక్కడే అన్నాడు. ఖరీదంతా బరువు తగ్గించడానికి, మన్నిక పెంచడానికి కాదు. గొలుసు పట్టే పళ్ళ చక్రమే తీసుకుంటే, ఖరీదైనదాంట్లో లోహం మెత్తన, పలచన. తొందరగా అరుగుతుంది. మధ్యరకం ఉక్కుది బరువుంటుంది గానీ రెండింతలు నడుస్తుంది. పందేలు గెలిచేవాడికి మొదటిది, పొద్దున్నే పనికెళ్ళేవాడికి రెండోది. పిండి కొద్దీ రొట్టె అనడానికి లేదు, ఏ రొట్టె ఎవరి పళ్ళకి అన్నదే లెక్క.

"ఖరీదైన సామాను కొత్తల్లుడి లాంటిది మేడమ్. మర్యాద ఏ కాస్త తగ్గినా అలుగుతుంది. చౌకది మేనల్లుడి లాంటిది. ఏది పెడితే అది తిని, పడుండమన్న చోట పడుంటుంది."

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. నవ్వు వచ్చింది, ఆపుకుంది.

"ఈ చక్రాలకి బ్రేకు ప్యాడ్లు వేరా?"

"వేరే. కార్బన్‌కి ఈ మట్టి రంగువి. అల్యూమినియం రిమ్ములకి నల్ల రబ్బరువి."

"డాక్టరు సైకిలుకి ఎవరు బిగించారు?"

"నేనే. చక్రాలతోపాటే. పదకొండు నెలలైంది."

"డాక్టరు తర్వాత మార్చి ఉంటాడా?"

"ఆయనకి ఎముకలో స్క్రూ దించడం వచ్చు. సైకిలుకి రాదు. గాలి కూడా నా దగ్గరికొచ్చే కొట్టించుకుంటారు."

"ఆఖరిసారి ఆ చక్రాలు ఎప్పుడు చూశారు?"

"మూడు వారాలైంది. ఊరెళ్ళే ముందు ఇచ్చారు. తుడిచి, చూసి, పంపించాను. రిమ్ము అద్దంలా ఉంది."

"గీతలు?"

"ఒక్కటీ లేదు."

ఆమె కవరు విప్పి ప్యాడ్ అతని చేతిలో పెట్టింది. అతను బొటనవేలితో రాసి చూశాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. మళ్ళీ రాశాడు. ముఖం ఎత్తి ఆమె వంక చూశాడు. ఇద్దరూ ఒకే మాట దగ్గర ఆగారు. అతను నోరు తెరవబోతే ఆమె చెయ్యెత్తింది.

"సాయంత్రం దాకా ఎవరితోనూ అనకండి."

*

పదకొండూ నలభైకి జీపులో ఫోన్ మోగింది.

"ఏమే, ఎంతవరకు వచ్చింది?"

డిప్యూటీ ఇప్పటికీ "ఏమే" అనే అంటుంది. తనకే ఆ సౌకర్యం పోయింది. మళ్ళీ "ఏమే" అనడానికి హోదా అడ్డం. "మేడమ్" అనడానికి నోరు రాదు. తొంభై ఒక్క రోజులుగా ఇన్‌స్పెక్టర్ నువ్వూ మీరూ రెండూ లేని మాటలతో బండి నడుపుతోంది.

"ఇంకా చూడాల్సింది ఉంది," అంది.

పైనుంచి ఒత్తిడి ఎక్కువగా ఉందనీ, ఆస్పత్రి వాళ్ళు పెద్దవాళ్ళనీ, ఐదు దాటితే తను అరెస్టు ఆపలేననీ డిప్యూటీ చెప్పింది. గొంతులో అధికారం లేదు. గర్వం అసలే లేదు. ఆ మనిషి కాస్త గర్వపడితే ఎంత బాగుండును. తిట్టుకోవడానికి పట్టు దొరికేది.

"తెలిసింది," అని ఫోన్ పెట్టేసింది.

*

పన్నెండూ నలభై. డాక్టరు ఇల్లు.

డాక్టరు భార్య ఆస్పత్రి నుంచి స్నానానికి వచ్చింది. రెండు రాత్రుల నిద్ర కళ్ళ కింద నిలిచి ఉంది. అడిగినవాటికి ఓపిగ్గా జవాబులు చెప్పింది. భార్యాభర్తలు ఇద్దరూ కలిసే పదిహేను రోజులు ఊరెళ్ళారు. శనివారం రాత్రి ఎనిమిదింటికి వచ్చారు. ఆదివారం పొద్దున్నే ఆయన సైకిల్ తీసి వెళ్ళిపోయాడు. ఇంటి తాళాలు అక్కగారి భర్త దగ్గర ఉన్నాయి. అక్వేరియంలో చేపలకి మేత వేసేవాళ్ళు ఉండాలి కదా. బావగారు పొద్దున ఐదున్నరకే వచ్చి వేసి వెళ్ళేవారట. పాపం, ఇప్పుడూ ఆస్పత్రికి భోజనం, కాగితాలు, అన్నీ ఆయనే చూస్తున్నారు.

చేపలకి ఐదున్నరకే ఆకలేస్తుందా అనుకుంది ఇన్‌స్పెక్టర్.

బావగారు కారు షెడ్డులోనే ఉన్నాడు. స్కూల్లో లెక్కల మాస్టారు. బక్కపలచటి మనిషి, పిక్కలు మాత్రం తాళ్ళు పేనినట్టున్నాయి. డాక్టరు సైకిలు తగిలించే కొక్కెం ఖాళీగా ఉంది. ఆ గోడ నిండా డాక్టరు పతకాలు. మాస్టారు వాటికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ అటు నడిస్తే అతను ఇటు తిరిగాడు. ఇటు నడిస్తే అటు తిరిగాడు. వీపు మాత్రం గోడకే. ఆ నిలబడటం ఆమెకి తెలుసు. డిప్యూటీ గదిలో మెమెంటోలున్న అరకి వీపు పెట్టి తనూ అలాగే నిలబడుతుంది.

షెడ్డులో వేరే గోడకి మాస్టారి సైకిల్ ఆనించి ఉంది. నీలం రంగు. రంగు పోయిన చోట్లే ఎక్కువ.

"తొమ్మిదేళ్ళదట కదా," అంది ఇన్‌స్పెక్టర్.

అంతే. మనిషి విచ్చుకున్నాడు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశాడు. అందులో తేదీలు, కిలోమీటర్లు, కొండ ఎక్కిన టైములు. ఏ గొలుసు ఎన్ని కిలోమీటర్లకి మార్చిందీ, ఏ టైరు ఎప్పుడు ఏ రాయికి కోసుకుందీ అన్నీ ఉన్నాయి. చౌక గొలుసైనా మూడో వెయ్యికి ముందే మారిస్తే పళ్ళ చక్రం మూడింతలు బతుకుతుందన్నాడు. మనుషులు సామాను కొంటారు గానీ సామానుతో కాపురం చెయ్యరన్నాడు. బ్రేకు ప్యాడ్లు చూపించాడు. నల్లగా, సగం అరిగి ఉన్నాయి.

"తొమ్మిది వేల నూట నలభై కిలోమీటర్లు. ఇంకా ఉన్నాయి చూడండి."

కన్నతల్లి బిడ్డ గురించి చెప్పినట్టు చెప్పాడు. ఇన్‌స్పెక్టర్‌కి అతను నచ్చాడు. అదే ఇబ్బంది.

"మరి మీ తోడల్లుడుగారి చక్రాలో?"

"మంచివే. కానీ ఆ ఖరీదుకి కొండ మీద అవి ఇచ్చేదెంతో తెలుసా మేడమ్? పంతొమ్మిది సెకన్లు. అంతే. పంతొమ్మిది సెకన్లకి మూడు సైకిళ్ళ ఖరీదా?"

"ఎక్కడైనా చదివారా?"

ఒక క్షణం ఆలస్యమైంది.

"ఎక్కడో చదివానండీ."

"ఏ కొండ మీద?"

"ఏ కొండైనా అంతే లెండి."

ఆమె తల ఊపింది. చదివిన మనిషి ఇరవై అంటాడు. విన్న మనిషి అరనిమిషం అంటాడు. పంతొమ్మిది అనేది ఎవరు? తొంభై ఒకటి అనేది ఎవరో, వాళ్ళే.

ఈ సైకిల్ సంగతులు మీకు బాగా తెలుసు, నాలుగింటికి మీ సైకిలుతోనే షాపు దగ్గరికి వస్తే మెకానిక్ చెప్పేది నిజమో అబద్ధమో తేల్చుకోవచ్చు అంది. మాస్టారు ఒప్పుకున్నాడు. సాయం అడిగితే కాదనలేని మనిషి.

*

నాలుగూ పది.

సాక్షిగా ఒక కానిస్టేబుల్‌ని నిలబెట్టి సీలు తీయించింది. షట్టరు సగానికి లేపారు. లోపల గ్రీజు వాసన. గోడకి వరసగా పానాలు, ఒక్కొక్కదాని చుట్టూ దాని ఆకారమే పెయింటుతో గీసి ఉంది. మెకానిక్ లోపలికి అడుగు పెట్టగానే ఒకదాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

డాక్టరు భార్య స్టూలు మీద కూర్చుంది. మాస్టారి నీలం సైకిలు స్టాండుకి ఎత్తి బిగించారు. పని బల్ల మీద పగిలిన చక్రం, నాలుగు కవర్లు.

ఇన్‌స్పెక్టర్ మొదలుపెట్టింది. అందరూ రిమ్మునే చూశారు అంది. విరిగింది అదే కాబట్టి చూశారు. రిమ్ము మీద గీతలున్నాయి, గీతల్లో వెండి రంగు ఉంది. అందుకని సరుకే నాసిరకం అనుకున్నారు. రిమ్మును రోజూ పట్టుకునేది ఏమిటి? ప్యాడ్. గీసింది ప్యాడే అయితే దాని ఒంట్లో కూడా అదే వెండి ఉండాలి.

నాలుగు ప్యాడ్లూ తెల్ల కాగితం మీద ఒంపింది. భూతద్దం డాక్టరు భార్య చేతికిచ్చింది.

"ఏమైనా మెరుస్తోందా?"

ఆమె చాలాసేపు చూసింది. "లేదు."

"ఆదివారం మూడు మలుపులే దిగాయి కాబట్టి పైపైన గీరుకున్నాయి. లోపల రేణువు లేదు. అంటే ఈ రిమ్మును గీసింది వేరే ప్యాడ్లు. వెండి రంగు నాసిరకం సరుకు కాదు. అల్యూమినియం పొడి. మామూలు రిమ్ముల మీద వేల కిలోమీటర్లు తిరిగిన రబ్బరులో ఆ పొడి ముళ్ళలా దిగబడిపోయి ఉంటుంది. ఆ రబ్బరు వెళ్ళి కార్బన్‌ని పట్టుకుంటే?"

"ఆకురాయే మేడమ్," అన్నాడు పానా. "గీకేస్తుంది. అంచు పలచబడుతుంది. పెద్ద దిగుడులో వేడెక్కితే ఆగదు."

ఇన్‌స్పెక్టర్ స్టాండు దగ్గరికి వెళ్ళింది. పానా నీలం సైకిలు ముందు ప్యాడ్ విప్పి ఇచ్చాడు. ఆమె సూదితో రబ్బరులో గుచ్చి పైకి లేపింది. కాగితం మీద చిన్న రవ్వ పడింది. తెల్లగా మెరిసింది. మరొకటి పడింది. మరొకటి.

మాస్టారు కాగితం వంకే చూస్తున్నాడు. దొంగకి తేలు కుట్టినట్టు కాదు, లెక్కలో తప్పెక్కడ వచ్చిందో దొరికినవాడిలా చూస్తున్నాడు.

"ఆయన చక్రాలు ఎన్ని రోజులు వాడారు?"

"ఆరు," అన్నాడు. వెంటనే అన్నాడు. అడుగుతారని ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"పదిహేను రోజులున్నాయిగా?"

"ఆరు రోజులు నా చక్రాలతో ఎక్కాను. ఆరు రోజులు ఆయన చక్రాలతో. సగటు తీయాలి కదా."

"చక్రాలతోపాటు ఆ ప్యాడ్లు కూడా మార్చుకోవాలని తెలియదా?"

"తెలుసు."

"మరి?"

"ఒక్కసారికి ఒక్కటే మార్చాలి మేడమ్. చక్రాలు మారుస్తున్నాను. మిగతావన్నీ నావే ఉండాలి. ప్యాడ్లూ మారిస్తే ఇక దేనివల్ల ఎంత అన్నది ఎలా తెలుస్తుంది? ఎక్కేటప్పుడు బ్రేకు పని లేదు కదా అనుకున్నాను. దిగడం… దిగడం నా నోట్‌బుక్‌లో లేదు."

నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ ఆ పేజీ తెరిచింది. తన చక్రాలతో ఇరవై ఏడు నిమిషాల ఐదు సెకన్లు. డాక్టరు చక్రాలతో ఇరవయ్యారు నిమిషాల నలభయ్యారు. కింద డాక్టరు టైము. ఇరవై నాలుగు నిమిషాల పది.

తేడా సామాను వల్లనే, ఈ చక్రాలొచ్చాక చక్రాల వల్లనే అని ఇన్నేళ్ళూ అనుకున్నాడట. ఇంట్లో ఆ మాటే చెప్పుకున్నాడట. వయసులో తను పెద్ద, ఆ ఇంటికి ముందొచ్చిన అల్లుడు తను, డాక్టరుకి సైకిలు పిచ్చి ఎక్కించిందే తను. మొదటి ఏడు తన వెనకే రొప్పుతూ వచ్చేవాడు. ఆ తర్వాత ఎప్పుడూ వెనక రాలేదు. ప్రతి ఆదివారం కొండ పైన నిలబడి, "రండి అన్నగారూ, మీకు ఈ చక్రాలుంటే నన్నెప్పుడో దాటేసేవారు" అని నవ్వేవాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే అనేవాడు. అదే భరించలేకపోయాడు.

"ఇంకా రెండు నిమిషాల ముప్ఫయ్యారు సెకన్లు మిగిలాయి," అన్నాడు మాస్టారు. "అవి చక్రాలవి కావు."

ఇన్‌స్పెక్టర్ అసలు ప్రశ్న ఇంకా అడగలేదు. అడగాలనిపించలేదు. అడిగింది.

"గీతలు చూశారా?"

మాస్టారు చెయ్యి చాచి నోట్‌బుక్ మూసేశాడు.

"తొమ్మిదేళ్ళలో ఒక్క ఆదివారం మానలేదు మీరు. నోట్‌బుక్‌లో ఉంది. మొన్నటి ఆదివారం మానారు."

"శుక్రవారం చూశాను," అన్నాడు. "శనివారం తుడిచి పెట్టేశాను. ఆదివారం ఐదున్నరకి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నంబరు నొక్కడమే. ఆ చక్రాలు వాడొద్దు, అంతే, ఒక్క మాట. కానీ ఎందుకని అడుగుతారు కదా. చెప్తే నేను కొలిచానని తెలుస్తుంది. ఏమీ కాదులే, ఒక్క రైడ్‌కి ఏమవుతుంది అనుకున్నాను. ఆరున్నర దాకా కూర్చున్నాను."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్షలో ఎవరో పేపరు లాగేసుకున్న పిల్లవాడిలా కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టర్ చూపు తప్పించింది. అతన్ని పట్టుకున్నది ప్యాడ్ల వల్ల అని అందరూ అనుకుంటారు. ప్యాడ్లు షాపు దాకా తీసుకొచ్చాయి, అంతే. అతని దాకా తీసుకొచ్చింది ఆ గోడ దగ్గర నిలబడిన తీరు. తనూ అలా వీపు పెట్టే మనిషి కాకపోతే తనకి కనిపించేదే కాదు.

డాక్టరు భార్య స్టూలు మీంచి లేచింది.

"అడిగితే ఇచ్చేవారు కదా బావగారూ," అంది.

"ఇచ్చేవారు. అందుకే అడగలేదు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. షట్టరు కిందనుంచి వంగి బయటికి వెళ్ళబోతూ ఆగింది.

"అక్కకి నేను చెప్పను. మీరే చెప్పాలి."

*

నాలుగూ ముప్ఫయ్యెనిమిది. మాస్టారిని కానిస్టేబుల్ జీపులో కూర్చోబెట్టాడు. ఇన్‌స్పెక్టర్ షాపు లోపలి నుంచే డిప్యూటీకి ఫోన్ చేసింది. జరిగిందంతా నాలుగు వాక్యాల్లో చెప్పింది. నాలుగో వాక్యం అయ్యాక ఆగింది. ఇప్పుడు వస్తుంది, సర్దుకోవడం, నేనన్నది అది కాదు అనడం. చెవి నిక్కించుకుని మరీ ఎదురుచూసింది.

"అయితే నేను తప్పు రాశానే," అంది డిప్యూటీ. "ఆ మెకానిక్‌కి నేనే వచ్చి చెప్తాను. షట్టరు పూర్తిగా తెరిపించు. రిపోర్టు నువ్వే రాయి, నీ పేరు మీదే పైకి పంపిస్తాను. ఎలా పట్టుకున్నావే దాన్ని?"

ఇన్‌స్పెక్టర్ ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఫోన్ పెట్టాక ఆమెకే గుర్తులేదు.

గెలిచింది. తొంభై ఒక్క రోజుల్లో మొదటిసారి. గెలిస్తే ఎలా ఉంటుందో చాలా రాత్రులు ఊహించుకుంది. ఇలా ఉంటుందని ఊహించలేదు. పైకి ఎక్కేసరికి అక్కడ అవతలి మనిషి చప్పట్లు కొడుతూ నిలబడి ఉంది.

పానా షట్టరు పూర్తిగా లేపాడు. వెలుతురు పని బల్ల దాకా వచ్చింది. అతను వెనక్కి వచ్చి ఒక గుడ్డ తీసుకుని బల్ల తుడిచి, ఆమెకి రాసుకోవడానికి చోటు చేశాడు. థాంక్స్ చెప్పలేదు. స్టూలు దగ్గరికి జరిపాడు.

ఆమె ఫారం నింపడం మొదలుపెట్టింది. తేదీ, సమయం, స్థలం. ప్రమాద కారణం. బాధ్యుడు. తర్వాతి గడి: "ముఖ్య ఆధారాన్ని భద్రపరిచినవారు." చెయ్యి ఆగకుండా "నేను" అని రాసి కింది గడికి వెళ్ళింది.

కింది గడికి ఆధారాన్ని సీజ్ చేసినప్పటి నంబరు కావాలి. కవరు తిప్పి చూసింది.

మామూలుగా ప్రమాదం జరిగిన చోట ఏం చేస్తారు? సైకిల్ని ఉన్నదున్నట్టు ఎత్తి వ్యాన్‌లో పడేస్తారు. ఆ కుదుపులకి పగిలిన రిమ్ము ప్యాడ్లకి రాసుకుంటూ వచ్చేది. గీతల్లోని వెండి రాలి నాలుగు ప్యాడ్లకీ అంటుకునేది. స్టేషన్‌కి వచ్చేసరికి ప్యాడ్లూ రిమ్మూ ఒకే కథ చెప్పేవి. పానా ఈ వేళకి లాకప్‌లో ఉండేవాడు.

అలా జరగలేదు. ఆదివారం ఏడూ ముప్ఫయ్యయిదుకి ఎవరో ఆ రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, నాలుగు ప్యాడ్లనూ విడివిడిగా విప్పి, నాలుగు కవర్లలో వేసి, ఏది ఏ వైపుదో రాశారు. అవి ఎందుకు పనికొస్తాయో అప్పుడు తెలియదు. తర్వాతా తెలియలేదు. చెయ్యాల్సిన పని అని చేశారు, అంతే. కవరు మీద సమయం ఉంది. దాని కింద సంతకం ఉంది. డిప్యూటీ సంతకం.

పొద్దున్నుంచీ ఆ కవర్లు ఆమె జేబులోనే ఉన్నాయి.

పానా ఏదో నట్టు బిగిస్తున్నాడు. బయట జీపులో మాస్టారు తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. నొక్కని నంబరు గురించి ఆలోచిస్తున్నాడో, ఇంట్లో చెప్పాల్సిన మాట గురించి ఆలోచిస్తున్నాడో.

గడియారం నాలుగూ యాభై ఎనిమిది చూపిస్తోంది.

ఇన్‌స్పెక్టర్ "నేను" అన్న మాట మీద ఒక గీత గీసింది. పక్కన డిప్యూటీ పేరు రాసింది. ఇంటిపేరుతో సహా, పూర్తిగా.